పనసకర్ర పెట్టెలో రేడియో

1954లో వేసవి ముగిసే రోజుల్లో నన్ను అమలాపురం రేడియో ఉపకేంద్రానికి సూపర్వైజరుగా వేశారు. అప్పట్లో ప్రభుత్వం ఊళ్ళకు సామూహిక రేడియోలు ఇచ్చేది. వాటి బాగోగులు చూడడం మా శాఖ పని. నా పైన రాజమండ్రిలో ఒక అసిస్టెంటు ఇంజనీరు ఉండేవారు, నా కింద ఒక మెకానిక్కు. అమలాపురం, రాజోలు, కొత్తపేట తాలూకాల్లో మా సెట్లు ఉన్న ప్రతి ఊరికీ తిరిగి, అయిపోయిన బ్యాటరీలు మార్చి, సెట్టులో గాజుబుడ్లలా ఉండే వాల్వులు పాడైతే తీసి కొత్తవి వెయ్యాలి. చాలా ఊళ్ళకు కరెంటు లేదు కాబట్టి సెట్లన్నీ బ్యాటరీల మీద నడిచేవే.

శాఖ సెట్లతో పాటు నా దగ్గరికి ఇంకోరకం సెట్లు కూడా వచ్చేవి. సరదాకొద్దీ ఇంట్లో సొంతంగా కట్టుకున్నవి. మద్రాసు నుంచి పోస్టులో విడిభాగాలు తెప్పించుకుని, పుస్తకం ముందు పెట్టుకుని, కుంపట్లో కాల్చిన కడ్డీతో టంకం పెట్టే మనుషులు కోనసీమలో నేను అనుకున్నదానికంటే చాలామంది కనిపించారు. స్కూలు మాస్టర్లు, ఒక కాంపౌండరు, ఒక రైసుమిల్లు ఇంజను డ్రైవరు. ఇప్పటి పిల్లలు సర్క్యూటు బోర్డు అంటారు. మా రోజుల్లో దాన్ని చాసీ అనేవాళ్ళం. అల్యూమినియం రేకును బల్లపీటలా వంచి, పైన వాల్వులు నిలబెట్టి, కింద తీగలు కలిపేవారు. అంతవరకూ అందరికీ బాగానే వచ్చేది. ఆ తరవాత అందరూ ఒకేచోట ఆగిపోయేవారు. దీన్ని దేంట్లో పెట్టాలి? సర్క్యూటు పుస్తకంలో ఉంటుంది, పెట్టె పుస్తకంలో ఉండదు. బిస్కెట్ల డబ్బాలో, కిరసనాయిలు డబ్బాలో, రీడ్లు ఊడిపోయిన హార్మోనియం డొల్లలో, ఆఖరికి పెళ్ళి ట్రంకుపెట్టెలో కూడా చాసీలు చూశాను. పెట్టె సంగతి నా పని కాదనేది అప్పట్లో నా అభిప్రాయం. కిటుకంతా తీగల్లో ఉందనీ, చుట్టూ ఉన్నది ఒంటిమీద గుడ్డలాంటిదనీ అనుకునేవాణ్ణి. చెప్పినా వినని రకాన్ని కూడా.

మామిడికుదురులో సూర్యం మాస్టారని సైన్సు చెప్పే ఆయన ఉండేవారు. ఆయన నాలుగు వాల్వుల సెట్టు ఒకటి కట్టారు. అది తన ఇంటికోసం కాదు. గోదావరి పాయ వైనతేయ సముద్రంలో కలిసేచోట ఉన్న పల్లిపాలెం అనే జాలర్ల పేట కోసం. ఆ పాలేనికి సొంత పంచాయతీ లేదు కాబట్టి మా శాఖ సెట్టు ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోలేదు. సాయంకాలం వార్తల తరవాత బెజవాడ స్టేషను వాళ్ళు వాతావరణం సంగతి చదివేవారు. తీరంలో గాలివాన సూచన ఉంటే అందులో చెప్పేవారు. ఆ నాలుగు మాటలు చేపల వేటకు వెళ్ళేవాళ్ళ చెవిన పడాలని మాస్టారి కోరిక. అక్కడ మంగమ్మ అనే ఆవిడకి రెండు పడవలున్నాయి. అంతకుముందు ఒక గాలివానలో భర్త పోయాడు. పడవల మీద ఇప్పుడు ఇద్దరు కొడుకులు వెళ్తున్నారు. పాలెంలో ఎత్తైన అరుగు ఆవిడ ఇంటిదే. సెట్టు అక్కడ ఉంచాలని మాస్టారూ ఆవిడా అనుకున్నారు.

నేను చెయ్యవలసింది సెట్టు చూసి బాగుందో లేదో చెప్పడం. నేను బాగుందంటే మాస్టారు పోస్టాఫీసులో లైసెన్సు కట్టి పాలెంలో పెట్టేస్తారు. బోడసకుర్రు రేవులో పంటు మీద ఏరు దాటి వెళ్ళాను. మాస్టారింట్లో బల్లమీద చాసీ, గోడకి మేకు మీద లౌడ్‌స్పీకరు. బెజవాడ గంటకొట్టినట్టు వినిపించింది. టంకాలు శుభ్రంగా ఉన్నాయి. బాగుందన్నాను. పెట్టె మాటేమిటని మాస్టారు అడిగితే, రేకు డబ్బా మాత్రం వద్దు, ఉప్పుగాలికి నెలలో తుప్పు పడుతుంది, మంచి కర్రతో చేయించండి అని చెప్పి పంటు వేళయిందని లేచాను.

మాస్టారు మంచి కర్రతోనే చేయించారు. పలివెలలో వీరాచారి గారని దేవుడి వాహనాలు చేసే వడ్రంగి ఉండేవారు. ఆయన పనితనం మూడు తాలూకాల్లోనూ తెలుసు. మాస్టారు మామిడిచెక్కతో చాలన్నారట. వీరాచారి గారు నవ్వారట. "వీణకి పనస, తంబురాకి పనస. పాడే పెట్టెకి మామిడేంటండీ మాస్టారూ, శవప్పెట్టా?" అన్నారట. ఏళ్ళ తరబడి ఆరబెట్టుకున్న పనసకర్ర తీసి, పలక పలచగా చిత్రిక పట్టి, అంచులు కీలుకి కీలు కలిపి, ముందువైపు లౌడ్‌స్పీకరు ఉండేచోట తామరపువ్వు చెక్కారు. వేలితో కొడితే ఆ పెట్టె ఖంగుమనేది. నేను తరవాత చూశాను. అంత అందమైన రేడియో పెట్టె మా శాఖలో ఒక్కటీ లేదు.

భాద్రపదంలో ఏటికి ఎర్రనీరు వచ్చింది. పులస చేప ఏటికి ఎదురెక్కే రోజులు అవి. పాలెంలో ఏడాది బతుక్కి ఆ కొద్ది వారాలే ఆధారం. అలాంటి సమయంలో మాస్టారు అమలాపురం ఆఫీసుకి సైకిలు మీద వచ్చి, రేడియో గాలివాన వస్తుందని చెప్పిందని పాలెం వాళ్ళు వలలు కట్టిపెట్టేశారనీ, పక్క ఊళ్ళ పడవలు మాత్రం పులస నింపుకుని వచ్చాయనీ చెప్పారు. గాలివాన రాలేదు. ఒకసారి కాదు, రెండుసార్లు అలా జరిగింది. నేను అవే సాయంకాలాల్లో అదే స్టేషను విన్నాను. గాలివాన ఉందని వాళ్ళు చెప్పలేదు. లేదనే చెప్పారు. మాస్టారు తలపట్టుకున్నారు. పెట్టె పాడు కూత కూస్తోందని కూడా వాళ్ళంటున్నారన్నారు. వాల్వు పోయుంటుంది అన్నాను. చూడకుండానే అన్నాను.

కొత్త వాల్వులు పట్టుకుని పాలెం వెళ్ళాను. మంగమ్మ అరుగు మీద మనుషులు చాలామంది కూడారు. వాల్వులు మార్చి, బ్యాటరీ కొలిచి చూశాను. అంతా సరిగానే ఉంది. గొంతు తక్కువ పెట్టి వినిపించాను. పాట చక్కగా వచ్చింది. మీరే ఏదో తిప్పి పాడుచేసి ఉంటారు, గొంతు పెంచే మర అంత గట్టిగా ఎందుకు తిప్పుతారు అని కసురుకున్నాను. ఆఫీసరు గొంతుతోనే అన్నాను.

మంగమ్మ వక్కాకు నములుతూ నాకేసి చూసింది. "బాబుగారూ, తవరి ఆఫీసులో సముద్రం లేదు కదండీ" అంది. "ఇక్కడ కెరటం మోతలో మెల్లగా పెడితే ముసిలోడి గురకంతయినా వినపడదండి. ఆయ్. గట్టిగా తిప్పక ఏం చెయ్యమంటారు?"

అరుగు మీదున్నవాళ్ళు నవ్వారు. మాస్టారు కూడా నవ్వాపుకున్నారు. నాకు కోపం వచ్చింది. వార్తలయ్యేదాకా ఉండి వింటానన్నాను. ఆ ఊరికి వచ్చాక నేను చేసిన మొదటి సరైన పని అది.

సాయంకాలం వార్తలు అయ్యాయి. వాతావరణం మొదలైంది. అంతవరకూ మాటల్లో ఉన్నవాళ్ళు దగ్గరికి జరిగారు. చదివే ఆయన కోస్తా తీరం అన్నారు. గాలివాన అనే మాట చెవిన పడగానే మంగమ్మ పెద్దకొడుకు అందరికీ వినిపించాలని గొంతు మర చివరిదాకా తిప్పాడు. "గాలివాన ప్రమాదం..." అని పెట్టెలోంచి ఖంగుమంది. ఆ వెంటనే ఒక కూత ఎత్తుకుంది. సన్నగా మొదలై, క్షణంలో శంఖం ఊదినట్టయి, చెవులు మూసుకోవలసి వచ్చింది. కంగారుగా మర వెనక్కి తిప్పేసరికి వాతావరణం అయిపోయి పాట వస్తోంది. "అదుగోండి, మళ్ళీ గాలివానన్నాడు. రేపు వేట లేదు" అన్నాడు కుర్రాడు.

వాళ్ళు తప్పు వినలేదు. వాళ్ళకి వినపడినంతవరకూ సరిగ్గా విన్నారు. మన భాషలో కాదనే మాట ఆఖర్న వస్తుంది. "గాలివాన ప్రమాదం ఏదీ లేదు" అనే వాక్యంలో ముందు మాటకి గొంతు పెంచితే, కూత ఎత్తుకునేసరికి చివరి రెండు మాటలూ అందులో మునిగిపోయాయి. ప్రమాదం మిగిలింది, లేదు పోయింది. పైగా ఆ కూత కూడా ప్రమాద సూచనే అనుకున్నారు. సముద్రం పక్కన పుట్టి పెరిగినవాళ్ళు అలాంటి శబ్దాన్ని ఇంకెలా అర్థం చేసుకుంటారు?

అక్కడే వాళ్ళకి సంగతి చెప్పాను. మంగమ్మ నమ్మింది. నమ్మాక కోపం ఎక్కువైంది. "అయితే లేదన్నప్పుడు ఉందని విన్నాం. రేపు ఉందన్నప్పుడు ఏం వింటామండీ?" అని అడిగింది. ఆశ్వయుజం వచ్చేస్తోంది, అసలు గాలివానలు అప్పుడే. ఆ లోపల పెట్టె బాగుపడాలి, లేకపోతే ఏట్లో పారేస్తానంది. బెదిరింపు కాదు. అబద్ధం చెప్పే పెట్టె ఉండడం కంటే లేకపోవడం మేలని ఆవిడ లెక్క. ఆ లెక్కలో తప్పు నాకు కనిపించలేదు.

జబ్బు ఏమిటో తెలుసుకోవడం కష్టం కాలేదు. ఈ బ్యాటరీ వాల్వుల్లో వేడెక్కే తీగ తలవెంట్రుక కంటే సన్నగా ఉంటుంది. పెన్సిలుతో వాల్వును తడితే లౌడ్‌స్పీకర్లో టింగుమంటుంది. లౌడ్‌స్పీకరు మోగితే పెట్టె అదురుతుంది, పెట్టె అదిరితే వాల్వులో తీగ అదురుతుంది, ఆ అదురు మళ్ళీ పెద్దదై లౌడ్‌స్పీకర్లోంచే వస్తుంది. ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుని కూతవుతుంది. మా వృత్తిలో ఇది కొత్త జబ్బు కాదు. నేను చాసీని పెట్టెలోంచి రెండు చేతులా పైకెత్తి పట్టుకుని మర చివరిదాకా తిప్పించాను. కూత లేదు. పెట్టెలో దింపాను, కూసింది. పనసకర్ర తన పని తాను చేస్తోంది. దాన్ని వీణకి ఎందుకు వాడతారో అందుకే అది నా సెట్టుకి పనికిరాదు. మాస్టారింట్లో లౌడ్‌స్పీకరు గోడకి ఉంది, చాసీ బల్లమీద ఉంది. అందువల్ల నేను విన్న సెట్టూ వీళ్ళు విన్న సెట్టూ వేరు. పెట్టెలో పెట్టాక ఒకసారి వస్తానని ఆ రోజే చెప్పి ఉంటే రెండు పులస రోజులు పోయేవి కావు.

మాస్టారూ నేనూ పట్టుదలగా కూర్చున్నాం. నా ఆదివారాలన్నీ బోడసకుర్రు రేవుకే పోయాయి. మొదట పెట్టె లోపల గోనెపట్టాలు అంటించాం. కూత కొంచెం తగ్గింది గాని పోలేదు. తరవాత చాసీ కింద కొబ్బరిపీచు మెత్తగా వేశాం. కూత పోయింది. పాలెమంతా సంతోషించింది, నేనూ సంతోషించి ఇంటికి వెళ్ళాను. పదిరోజులు తిరక్కుండా మళ్ళీ కబురు. ఉప్పుగాలికి పీచు చెమ్మ పీల్చి అణిగిపోయి, గట్టిపడి, కూత తిరిగొచ్చింది. పైగా చాసీ అడుగున పచ్చగా చిలుము పట్టింది. మెత్తదనం ఒక్కటే చూశాను. ఆ ఊరిగాలిలో అది ఎన్నాళ్ళు మెత్తగా ఉంటుందో చూడలేదు. అప్పటికి నాకు కొంత సిగ్గు వచ్చింది. మాస్టారు మాత్రం కూర్చుని చిలుము గీకడం మొదలుపెట్టారు.

ఇక మిగిలింది ఒకటే దారి. పాడేదాన్నీ వినేదాన్నీ విడదీయాలి. లౌడ్‌స్పీకరుకి ఒక పెట్టె, చాసీకి ఒక పెట్టె, మధ్య తీగ. వీరాచారి గారు పలివెల నుంచి వచ్చారు. తన పెట్టె మీద రంపం పెడతారేమోనని వచ్చారని నా అనుమానం. పెట్టె తిప్పి తిప్పి చూసి, "నా పనిలో లోపం లేదండి" అన్నారు. లోపం లేకపోవడమే ఇబ్బంది అన్నాను. ఆయనకి అది నచ్చింది. పనసపెట్టె లౌడ్‌స్పీకరుకి ఉంచేస్తాం, రంపం పెట్టం అన్నాక కూర్చున్నారు. చాసీకి కొట్టినా పలకని కర్ర కావాలి, చెమ్మ దిగని కర్ర కావాలి, ఏముందని అడిగాను.

జవాబు మంగమ్మ ఇచ్చింది. గట్టున బోర్లించిన పాత పడవ ఒకటి ఉంది. దాని పలకలు ఏళ్ళ తరబడి చేపనూనె తాగి, ఉప్పునీళ్ళలో నాని బరువెక్కాయి. సుత్తితో కొడితే మెత్తగా దప్పుమంటాయి. వీరాచారి గారు ఒక పలక వాసన చూసి మొహం పక్కకి తిప్పుకున్నారు.

"స్వామివారి గరుడవాహనం చేసిన చేతులండి ఇవి" అన్నారు.

"గరుత్మంతుడు మాత్రం చేపలు తినడేంటండీ?" అంది మంగమ్మ.

ఆయన ఆ పలకను మళ్ళీ చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. తరవాత ఉత్తరీయం తీసి స్తంభానికి కట్టి, "వాసన మీది, పని నాది. తరవాత స్నానం చేస్తానులెండి" అని చిత్రిక అందుకున్నారు.

ఆ పెట్టె ఎలా చేశామో కొంచెం వివరంగా చెబుతాను. చదివేవాళ్ళలో ఎవరికైనా పనికి రావచ్చు. పలకలు రెండువేళ్ళ మందంలో ఉంచాం. కీళ్ళలో పాలెం వాళ్ళు పడవకి పట్టించినట్టే గుగ్గిలం నూనెలో కాచి పట్టించారు. చాసీ నాలుగు మూలలకీ పాత సైకిలు ట్యూబు పట్టీలు కట్టి, పెట్టె నాలుగు మూలల్లో కొక్కేలకు వేలాడదీశాం. చాసీ ఎక్కడా కర్రకి తగలదు, ఉయ్యాల్లో ఉన్నట్టుంటుంది. మరలను పట్టుకునే ఊచలు బయటికి వచ్చే చిల్లులకు తోలు బిళ్ళలు వేశాం. ఇలా మూసేస్తే లోపలి చెమ్మ లోపలే ఉండిపోతుంది కాబట్టి, కాల్చిన గుల్లసున్నం రెండు పొరల గుడ్డలో మూటగట్టి ఒక మూల కట్టాం. అది చెమ్మ పీల్చుకుంటుంది. సున్నం రాలి అల్యూమినియం మీద పడితే తినేస్తుంది గనక మూట చాసీకి దూరంగా ఉండాలి, పిండిగా మారగానే మార్చాలి. బ్యాటరీ వాల్వులు పెద్దగా వేడెక్కవు కనుకనే ఇలా బిగించగలిగాం. కరెంటు సెట్టుకి ఇది చేస్తే ఉడికిపోతుంది. ఆ తేడా తెలియకుండా ఎవరూ దీన్ని అనుసరించవద్దు.

పరీక్ష నేను చెప్పినట్టు కాకుండా మంగమ్మ చెప్పినట్టు జరిగింది. పోటు వేళ, కెరటం మోత ఎక్కువగా ఉన్నప్పుడు పెట్టమంది. గొంతు మర చివరిదాకా తిప్పించింది. కొడుకుని పిలిచి పడవపెట్టె మీద పిడికిలితో గుద్దించింది. తాను అరుగు దిగి పడవలు కట్టే చోటికి వెళ్ళి నిలబడింది. "మొదటి మాటలు ఎలాగూ వినపడతాయి. ఆఖరి మాట వినపడాలండి నాకు" అంది వెళ్ళేముందు. వార్తలు చదువుతున్నారు. కూత లేదు. ఒక్కొక్క వాక్యం ముగిసినప్పుడల్లా అక్కణ్ణుంచి ఆవిడ చివరి మాట తిరిగి అరిచి చెప్పింది. "చేశారు." "రాలేదు." "అన్నారు." వీరాచారి గారు పనసపెట్టె మీద చెయ్యి వేసుకుని, అది తన పెట్టె గొంతేనని పక్కవాళ్ళకి చెప్పుకుంటున్నారు. నిజమే, అంత మంచి గొంతు మా శాఖ సెట్లకు లేదు.

ఆశ్వయుజం వెళ్ళి కార్తీకం వచ్చాక ఒక సాయంకాలం నేను అమలాపురంలో విన్నాను. తీరానికి గాలివాన సూచన ఉందనీ, వేటకు వెళ్ళేవారు సముద్రంలోకి పోరాదనీ చదివారు. పోరాదు. మళ్ళీ ఆఖరి మాటలోనే అంతా ఉంది. రేవులో పంటు ఆపేశారు, వెళ్ళడానికి లేదు. ఆ రాత్రీ మర్నాడూ నాకు కుదురు లేదు. గాలివాన మావైపు రాలేదు, ఎక్కడో దక్షిణాన తీరం దాటింది. మాకు వాన, కొంచెం ఈదురుగాలి, అంతే.

పంటు తిరగగానే పాలెం వెళ్ళాను. పడవలన్నీ గట్టు మీద ఉన్నాయి. మాట వినపడింది, విన్నారు. వేట మళ్ళీ పోయింది, గాలివానా రాలేదు. ఈసారి పెట్టె ఏట్లో పడుతుందనే అనుకున్నాను. మంగమ్మ కొడుకులిద్దరూ వల చిక్కులు తీస్తున్నారు. చిన్నవాడు నన్ను చూసి, వెళ్తే బాగుండేదని గొణిగాడు. తల్లి వాడివైపు చూడకుండా నాతో మాట్లాడింది.

"గాలి ఇటు రాలేదండి. రాకపోతే మంచిదే కదా" అంది. "పోరాదన్నాడు, పోరాదనే వినపడింది. అది తేడా రాలేదు. మిగతాది సముద్రం ఇష్టం, దాన్ని మిమ్మల్ని అడగనండి."

ఆ సెట్టు ఆ అరుగు మీద నేను బదిలీ అయ్యేదాకా ఉంది. సున్నం మూట మంగమ్మే మార్చేది.

ఆ ఏడాది చివర రాజమండ్రి అసిస్టెంటు ఇంజనీరుగారికి నా అభిప్రాయం చెప్పుకున్నాను. పెట్టె సెట్టులో భాగమనీ, చాసీ ఒక్కదాన్ని చూసి సెట్టు బాగుందనడం పడవలోకి ఎక్కకుండా పడవ బాగుందనడమేననీ అన్నాను. ఆయన ఆ మాటను మిగతా సూపర్వైజర్లకి కూడా చెప్పించారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను ఏ సెట్టునూ దాని పెట్టెలో పెట్టకుండా, పెట్టె ఉండవలసిన చోట ఉంచకుండా, అక్కడి మనుషులు ఎంత గొంతు పెడతారో అంతా పెట్టించకుండా, వాక్యం ముగిసేదాకా వినకుండా బాగుందని చెప్పలేదు.